పాత జీపు స్టీరింగ్: ఏది మార్చాలి, ఏది బిగించాలి

బందరు, గుడివాడ, దివిసీమల్లో పాత జీపు నడిపేవాళ్లను ఎవరిని కదిలించినా ముందు స్టీరింగ్ గురించే చెబుతారు. చక్రం తిప్పితే బండి వెంటనే తిరగదు, తిరిగాక తిన్నగా రాదు, వేగం యాభై దాటితే ముందు చక్రాలు వణుకుతాయి. మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే వినిపించే మాట కూడా దాదాపు ఒకటే: "టై రాడ్ ఎండ్లు అయిపోయాయండీ. కొత్తవి ఏసి అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోద్ది." కొత్తవి వేస్తారు, అలైన్‌మెంట్ చేయిస్తారు, ఒక వర్షాకాలం గడిచేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు స్టీరింగ్ బాక్స్ మీది స్క్రూ ఒక చుట్టు బిగిస్తారు. అదీ పనిచేయకపోతే కొందరు బాక్సే మార్చేస్తారు, ఇంకొందరు విసిగిపోయి పవర్ స్టీరింగ్ పెట్టిస్తారు.

ఇంత ఖర్చు పెట్టినా బండి దారికి రాకపోవడానికి విడిభాగాల నాణ్యత ఒక్కటే కారణం కాదు. చేతిలోని చక్రం మొదలు నేలమీది టైరు దాకా ఉన్నవన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి పనిచేసే కీళ్లు. వాటిని ఏ వరసలో పరీక్షించాలి, ఏ వరసలో బిగించాలి అన్నది వదిలేసి, కంటికి కనిపించిన కీలును మార్చడం మన దగ్గర అలవాటైపోయింది. బిగించే పని టైరు దగ్గర మొదలుపెట్టి స్టీరింగ్ బాక్స్ దగ్గర ముగించాలి. డెల్టాలో చాలా షెడ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఈ వ్యాసంలో నేను వాదించేది ఈ ఒక్క విషయమే. లేత్ మీద బుష్ వేయించాలా, కొత్త సామాను కొనాలా, పవర్ స్టీరింగ్ పెట్టించాలా అన్న తగువులన్నీ దీని తర్వాతే.

మూలం ఎక్కడ

1941లో అమెరికా సైన్యం కోసం మొదలైన విల్లీస్ జీపు, యుద్ధం ముగిశాక పౌరుల బండిగా మారింది. 1945లో పుట్టిన మహీంద్రా సంస్థ విల్లీస్‌తో ఒప్పందం చేసుకుని మన దేశంలో జీపులు బిగించడం, ఆ తర్వాత తయారుచేయడం మొదలుపెట్టింది. 1953లో వచ్చిన సీజే-3బీ నమూనాను అమెరికాలో 1968లో ఆపేశారు. ఇక్కడ మాత్రం దాని వంశం దశాబ్దాల పాటు సాగింది. 1980ల్లో ఎంఎం 540, మారుతీ జిప్సీ వచ్చాయి. ఆ తర్వాత కమాండర్, మేజర్ లాంటివి. వీటికి తోడు సైన్యం వేలంలో వదిలించుకున్న బళ్లు. ఈ రకాలన్నీ కలిసి ఇవాళ డెల్టాలో చెరువు గట్ల మీద, కాలువ కట్టల మీద, సముద్రం ఒడ్డున తిరుగుతున్నాయి.

పాత విల్లీస్ పద్ధతి బండి కింద పడుకుని చూస్తే ఇలా ఉంటుంది. స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి దిగిన డ్రాప్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దానికి తగిలించిన డ్రాగ్ లింక్ ముందుకు వెళ్లి, ఫ్రేము ముందు అడ్డపట్టీకి బిగించిన బెల్‌క్రాంక్‌ను తిప్పుతుంది. బెల్‌క్రాంక్ నుంచి కుడికొకటి, ఎడమకొకటి రెండు టై రాడ్లు బయల్దేరి చక్రాల నకల్ ఆర్ములను లాగుతాయి, తోస్తాయి. రాడ్ల కీళ్లు, బెల్‌క్రాంక్ పిన్ను, రెండు వైపులా కింగ్ పిన్ బేరింగులు, చక్రాల బేరింగులు, బాక్స్ లోపలి వదులు, అన్నీ లెక్కేస్తే పదికి పైగా చోట్ల అరుగుదల పోగవుతుంది. ఒక్కో చోట వెంట్రుకవాసి వదులున్నా, అన్నీ కలిసి స్టీరింగ్ చక్రం దగ్గరికొచ్చేసరికి బెత్తెడవుతుంది.

నడిమధ్యలో బెల్‌క్రాంక్ పెట్టి శక్తిని మలుపు తిప్పే పద్ధతి ఒక్క జీపుకే ప్రత్యేకం కాదు. బ్రిటిష్ ల్యాండ్ రోవర్ పాత సిరీస్ బళ్లలో అడ్డపట్టీ లోపల నిలువుగా రిలే ఉంటుంది. తుప్పు పట్టాక దాన్ని బయటికి లాగడం ఎంత కష్టమో ఆ బళ్లు నడిపిన ప్రతి దేశంలోనూ తెలుసు. అమెరికాలో 1972 నమూనాతో సీజే జీపులకు బెల్‌క్రాంక్ తీసేసి, పొడవాటి డ్రాగ్ లింక్ నేరుగా చక్రం వైపు వెళ్లే ఏర్పాటు చేశారు, స్టీరింగ్ బాక్స్ కూడా మార్చారు. ఒక కీలు తగ్గితే ఒక అరుగుదల తగ్గినట్టే.

మన దగ్గర తిరిగే బండిలో ఏ అమరిక ఉందో ఆర్‌సీ పుస్తకం చూసి చెప్పలేం. ముప్పై నలభై ఏళ్లలో ఇరుసు ఒక బండిది, బాక్స్ ఇంకో బండిది, ఇంజన్ మరో బండిది అయిపోయి ఉంటాయి. హర్యానాలోని మండీ డబ్వాలీలో పాత సామానుతో కొత్తగా కట్టిన జీపులు దేశమంతా చేరాయి, మన జిల్లాకూ వచ్చాయి. అందుకే నమూనా పేరు చెప్పి సామాను కొనడం కంటే, ఊడదీసిన పాత ముక్క చేతబట్టుకుని విజయవాడ జవహర్ ఆటోనగర్ వెళ్లడమే ఇక్కడివాళ్ల పద్ధతి. అది సరైన పద్ధతే.

డెల్టా చేసే చేటు

మన్యంలో జీపు స్టీరింగ్‌ను రాళ్లు, గుంతలు దెబ్బతీస్తాయి. అక్కడ రాడ్డు వంగుతుంది, వంగినది కనిపిస్తుంది. కృష్ణ దిగువన బండిని తినేవి ఉప్పు, నీరు, బంకమట్టి. ఇవి చేసే చేటు కనిపించదు.

పులిగడ్డ దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను మధ్యలో పెట్టుకుంటుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని పొట్టనపెట్టుకున్న నేల ఇది. కోడూరు దాటి హంసలదీవి, పాలకాయతిప్ప వైపు, నాగాయలంక దాటి ఏటిమొగ వైపు వెళ్లే కొద్దీ నేల పల్లమవుతుంది, మట్టి నల్లగా జిగటగా మారుతుంది, నీళ్లలో ఉప్పు పెరుగుతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండి ఏడాది పొడవునా ఆ ఉప్పునీళ్ల తుంపర్లలోనే ఉంటుంది. మంగినపూడి తీరంలోనూ గిలకలదిండి రేవు దగ్గరా నీళ్లలో దిగాల్సిన పని కూడా లేదు, గాలే చాలు.

టై రాడ్ ఎండు లోపల గట్టిపరిచిన ఉక్కు గోళీ ఒకటి గిన్నెలో కూర్చుని ఉంటుంది. దాన్ని కాపాడేది గ్రీజు, గ్రీజును కాపాడేది పైనున్న రబ్బరు బూటు. ఎండకు బూటు చిట్లుతుంది. సన్నటి పగులు చాలు, తడి లోపలికి పోతుంది. నీళ్లు కలిసిన గ్రీజు మజ్జిగలా తెల్లబడుతుంది. ఉప్పు గోళీ మీద సన్నటి గుంటలు పెడుతుంది. గుంటలు పడ్డ గోళీ ఇక గిన్నెను ఆకురాయిలా గీరుతూనే ఉంటుంది, ఆ తర్వాత ఎంత గ్రీజు కొట్టినా అది ఆగదు. ఇదంతా బయటికి కనిపించదు. బూటు చుట్టూ బంకమట్టి ఎండి గట్టిపడి ఉంటుంది కాబట్టి చిట్లిన చోటు కూడా కనిపించదు. సర్వీసింగ్‌లో వాటర్ గన్ నేరుగా ఆ కీలు మీదికి పెట్టి కొట్టించడం ఇంకా చేటు, బయట ఉన్న మట్టినీళ్లను లోపలికి మనమే తోసినట్టవుతుంది. ముందు కర్రముక్కతో మట్టి పెచ్చులు ఊడగొట్టి, తడిగుడ్డతో తుడిచి చూడాలి.

నకల్ గోళాల సంగతీ అంతే. పాత జీపు ముందు ఇరుసు చివర గుండ్రటి ఇనప గోళం, దాని మీద తిరిగే మూత, మధ్యలో నూనె బయటికి రాకుండా సీలు. వరి మళ్ల బురదలోనో చెరువు నీళ్లలోనో ఇరుసు మునిగితే అరిగిన సీలు గుండా నీరు లోపలికి చేరుతుంది. కింది కింగ్ పిన్ బేరింగు ఆ నీళ్లలోనే నిలబడుతుంది. ముందు చక్రాల వణుకుకు టై రాడ్ల కంటే ఈ కింది బేరింగే ఎక్కువసార్లు కారణమని నా అభిప్రాయం. షెడ్లలో మాత్రం దాన్ని అన్నిటికంటే చివర విప్పుతారు, విప్పడం శ్రమ కాబట్టి.

వదులు ఎక్కడుందో పట్టుకోవడం

దీనికి యంత్రాలు అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. ఇంజన్ ఆపి, బండి నాలుగు చక్రాల మీద నేలపై నిలబడి ఉండగానే ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను ఇటూ అటూ కొద్దిగా, ఆగకుండా ఊపుతూ ఉండాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి వేయాలి. బొటనవేలు గోళీ వైపు, చూపుడువేలు గిన్నె వైపు ఉండేలా కీలును పట్టుకుంటే రెండింటి మధ్య కదలిక వేళ్లకు తగులుతుంది. కంటికి కనిపించని వదులు వేలికి తెలుస్తుంది. డ్రాప్ ఆర్మ్ దగ్గర మొదలుపెట్టి డ్రాగ్ లింక్ రెండు కొసలు, బెల్‌క్రాంక్, నాలుగు టై రాడ్ ఎండ్లు, అలా చక్రం దాకా పోవాలి. బెల్‌క్రాంక్ దగ్గర రెండు సంగతులు విడివిడిగా చూడాలి: పిన్ను మీద బెల్‌క్రాంక్ ఆడుతోందా, లేక పిన్నూ దాన్ని పట్టుకున్న బ్రాకెట్టూ కలిసి ఆడుతున్నాయా. రెండోదైతే పిన్ను మార్చి లాభం లేదు, అడ్డపట్టీ పగిలి ఉండొచ్చు. స్టీరింగ్ బాక్స్ ఫ్రేముకు బిగించిన చోట కూడా అలాగే చూడాలి. తుప్పు తిన్న ఫ్రేములో బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు మొదలవుతాయి. బాక్స్ ఒళ్లంతా కదులుతూ ఉంటే లోపల ఎంత బిగించినా ఆ వదులు పోదు.

ఆ తర్వాత జాకీ పెట్టి చక్రం పైకెత్తాలి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడేది చక్రం బేరింగు కావచ్చు, కింగ్ పిన్ కావచ్చు. బ్రేకు తొక్కించి మళ్లీ ఊపితే తేడా తెలుస్తుంది: బ్రేకు తొక్కినా ఆడుతోందంటే కింగ్ పిన్, ఆగిపోయిందంటే చక్రం బేరింగు. అర నిమిషం పని, దానితో ఎన్ని అనవసర కొనుగోళ్లు ఆగుతాయో.

ఇంకో సంగతి. ఫోర్ వీల్ లివర్ వేసి ఉంచి తారు రోడ్డు మీద తిప్పితే స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపుల్లో బండి తిరగనని మొరాయిస్తుంది. ఈ బళ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, పొడి రోడ్డు మీద జారే వీలుండదు, ఆ బిగుతంతా స్టీరింగ్‌కు తగులుతుంది. కరకట్ట దిగి తారెక్కాక లివర్ తీయడం మర్చిపోయి, స్టీరింగ్ చెడిపోయిందని మేస్త్రీ దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

ఊడదీయడం, బిగించడం

టై రాడ్ ఎండు కోసుగా ఉన్న రంధ్రంలో గట్టిగా కూర్చుని ఉంటుంది. దాన్ని తీయడానికి కొసన ఉన్న మర మీద సుత్తితో మోదితే మర చితికిపోతుంది. ఫోర్కు దూర్చి కొడితే బూటు చిరుగుతుంది. ఎండును ఎలాగూ పారేస్తున్నాం అనుకుంటే పర్లేదు, బాగున్నదాన్ని తీసి మళ్లీ వేయాలంటే ఇది పనికిరాదు. సరైన పద్ధతి రెండు సుత్తులది. నట్టు విప్పి కొసదాకా వదిలి, ఆర్ము కంటికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి పట్టుకుని, ఎదుటి పక్క ఇంకో సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే కన్ను క్షణకాలం సాగి కోసు వదిలేస్తుంది. మన మేస్త్రీలకు ఇది బాగా తెలుసు. తెలియంది, లేదా తెలిసీ పట్టించుకోనిది, బిగించేటప్పటి పని. క్యాసిల్ నట్టు బిగించాక కాటర్ పిన్ను రంధ్రం గాడికి ఎదురు రాకపోతే నట్టును కాస్త వెనక్కి తిప్పి పిన్ను దూర్చేస్తారు. అది చేయకూడదు. ఎప్పుడూ ముందుకే బిగించి తర్వాతి గాడి కలపాలి. వెనక్కి తిప్పితే కోసు వదులవుతుంది, కదిలి కదిలి కన్ను కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆ తర్వాత ఆర్మే మార్చాల్సి వస్తుంది. వాడిన కాటర్ పిన్నును మళ్లీ వేయకూడదు, కొత్తది వేయాలి.

టై రాడ్డుకు ఒక కొసన మామూలు మర, రెండో కొసన ఎడమ మర ఉంటాయి. అందుకే గొట్టాన్ని తిప్పితే రాడ్డు పొడవు మారుతుంది. రెండు కొసల్లోనూ ఎండు సమానంగా లోపలికి దిగి ఉండాలి. ఒక పక్క రెండు మరల మీదే వేలాడుతున్న ఎండు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం.

పాత డ్రాగ్ లింక్ వేరే రకం. రెండు కొసల్లోనూ స్ప్రింగు, గోళీకి అటూ ఇటూ గిన్నెలు, చివర మరల ప్లగ్గు. విల్లీస్ పుస్తకం చెప్పే లెక్క ఇది: బెల్‌క్రాంక్ వైపు ప్లగ్గును గోళీకి గట్టిగా తగిలేదాకా బిగించి అరచుట్టు వెనక్కి వదలాలి, డ్రాప్ ఆర్మ్ వైపు ఒక పూర్తి చుట్టు వదలాలి. అప్పుడు పిన్ను. ప్లగ్గును పూర్తిగా బిగించేస్తే వదులు పోయిందని సంతోషపడతాం, గోళీ పట్టేసి స్టీరింగ్ తిన్నగా రావడం మానేస్తుంది. ఈ వదలడం అనేది స్ప్రింగు పని చేయడానికి ఇచ్చిన చోటు.

బెల్‌క్రాంక్ విషయంలో రెండు పక్షాలున్నాయి. కంపెనీవాడు సూది బేరింగులు ఇచ్చాడు, అవే వేయాలన్నది ఒక పక్షం. లేత్ మీద గన్‌మెటల్ బుష్ తిప్పించి వేయడం రెండోది. పొడి ప్రాంతాల్లో మొదటిదే మంచిది, బెల్‌క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. డెల్టాలో నేను రెండో పక్షం. సూది బేరింగు సన్నటి ఉక్కు కడ్డీల మీద నిలబడుతుంది, తడి తగిలితే అవి తుప్పుపట్టి పిన్నును గాళ్లు పడేలా తినేస్తాయి. గన్‌మెటల్ తుప్పు పట్టదు, గ్రీజు గాడి తీస్తే నీళ్లను నెట్టేస్తూ పనిచేస్తుంది. అయితే బుష్‌ను ప్రెస్ చేశాక రీమర్‌తో పిన్నుకు సరిపోయేలా సాపు చేయాలి. కొట్టి కూర్చోబెట్టి వదిలేసే బుష్ పనికిరాదు. పిన్ను కూడా కొత్తదే ఉండాలి, అరిగిన పిన్నుకు కొత్త బుష్ వేయించడం డబ్బు కాలవలో పోసినట్టే.

లేత్ పని మీద నాకున్న గౌరవం వెల్డింగ్‌కు వచ్చేసరికి ఉండదు. డ్రాప్ ఆర్మ్, నకల్ ఆర్మ్, టై రాడ్ ఎండు, ఇవన్నీ కొలిమిలో సాగగొట్టి, వేడిచేసి చల్లార్చి బలం తెచ్చిన ఉక్కు. వంగిన ఆర్మును గ్యాస్‌తో ఎర్రగా కాల్చి సరిచేస్తే ఆ బలం పోతుంది. పగిలినదానికి వెల్డింగ్ పెడితే పక్కనే ఇంకోచోట పగులుతుంది. ఎంత తెలిసిన మేస్త్రీ చెప్పినా స్టీరింగ్ భాగానికి వెల్డింగ్ ఒప్పుకోవద్దు. ఒక పక్క బందరు కాలువ, ఇంకో పక్క పంట బోదె ఉండే రోడ్లు మనవి. గంటకు యాభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది.

సామాను కొనేటప్పుడు పెట్టె మీది పేరును గుడ్డిగా నమ్మలేం. మద్రాసు రానే లాంటి సంస్థలు 1960ల నుంచి స్టీరింగ్ కీళ్లు చేస్తున్నాయి, వాటి పేరు మీద నకిలీలు కూడా తిరుగుతాయి. కొత్త ఎండు చేతిలోకి తీసుకుని గోళీ కొసను వేళ్లతో ఊపి చూడండి. తేలిగ్గా వాలిపోతే అది కొత్తదైనా పాతదే. కాస్త గట్టిగా, అన్ని వైపులా ఒకే బిగువుతో తిరగాలి. గ్రీజు నిపుల్ ఉన్న రకం దొరికితే డెల్టాకు అదే కొనాలి. సీలు వేసి జీవితకాలం గ్రీజు అక్కర్లేదని అమ్మేవి ఉప్పునీళ్లలో ఆ జీవితాన్ని త్వరగా ముగిస్తాయి.

కింగ్ పిన్‌కు కాటా, చక్రాలకు సుద్దముక్క

కింగ్ పిన్ బేరింగుల బిగువును షిమ్ములతో సరిచేస్తారు. పైనా కిందా మూతల కింద పల్చటి రేకులుంటాయి, ఒక రేకు తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. బిగువు ఎంతుండాలో విల్లీస్ లెక్క ఉంది: టై రాడ్ విప్పి, సీలు బిగించకముందు, నకల్ ఆర్ము కొసకు స్ప్రింగు కాటా తగిలించి లాగితే 4 నుంచి 6 పౌన్ల దగ్గర కదలాలి. మన లెక్కలో ఇంచుమించు 1.8 నుంచి 2.7 కిలోలు. షెడ్లో ఈ కాటా ఉండదు, చేతి అంచనాతో కానిచ్చేస్తారు. బందరు చేపల మార్కెట్లో ప్రతి బుట్ట పక్కనా వేలాడే స్ప్రింగు కాటా ఈ పనికి సరిపోతుంది. దీన్ని వదిలేసి చేసిన ఏ అలైన్‌మెంటూ నిలబడదు.

టో-ఇన్ అంటే ముందు చక్రాలు రెండూ ముందు వైపు కాస్త దగ్గరగా ఉండటం. బండి నడిచేటప్పుడు రోడ్డు చక్రాలను వెనక్కి లాగుతుంది, కీళ్లలోని కాస్త వదులూ అటే సాగి చక్రాలు తిన్నగా అవుతాయి. పాత సీజే జీపులకు చెప్పిన కొలత అంగుళంలో 3/64 నుంచి 3/32 వంతు, అంటే సుమారు 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. రేడియల్ టైర్లు వేసిన బండికి ఇందులో తక్కువ వైపు ఉంచితే మంచిది, ఈ పుస్తకాలు రాసిన కాలంలో జీపులకు రేడియళ్లు వాడుకలో లేవు. జిప్సీకీ ఇతర బళ్లకూ వాటివాటి కొలతలు వేరు, సీజే లెక్క వాటికి పెట్టకూడదు.

కంప్యూటర్ అలైన్‌మెంట్ యంత్రం దొరికితే మంచిదే. దొరక్కపోయినా ఊళ్లోనే కొలవొచ్చు. ముందు చక్రాలు ఎత్తి ఒక్కోదాన్ని తిప్పుతూ టైరు నడుమ సుద్ద పూసి, మేకు కదలకుండా పట్టుకుని సన్నటి గీత గీయాలి. బండి దించి, రెండడుగులు ముందుకు తోసి ఆపాలి. వెనక్కి తోయకూడదు, వదులు తిరగబడి కొలత తప్పుతుంది. ఆ తర్వాత ఇరుసు ఎత్తులో టైర్ల ముందు గీతల మధ్య ఒక కొలత, వెనక ఒక కొలత. తేడాయే టో-ఇన్.

రెండు టై రాడ్లున్న బండికి ఇంకో మెలిక ఉంది. రెండు రాడ్లలో దేన్ని తిప్పినా కొలత వచ్చేస్తుంది, స్టీరింగ్ చక్రం, బెల్‌క్రాంక్ మాత్రం పక్కకి పోతాయి. అందుకే ముందు బెల్‌క్రాంక్‌ను నడిమధ్యకు తెచ్చి ఆపాలి. వెనక చక్రానికీ ముందు చక్రానికీ దారం లాగి ఒక వైపు రాడ్డుతో ఆ చక్రాన్ని తిన్నగా చేయాలి. అప్పుడు రెండో వైపు రాడ్డుతో టో-ఇన్ రప్పించాలి. ఈ వరస తప్పితే బండి తిన్నగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది. దాన్ని సరిచేయడానికి స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి తిప్పి వేస్తారు. అలా చేస్తే బాక్స్ మధ్యభాగం మధ్యలో పనిచేయదు, ఒక పక్క అరిగిపోతుంది.

క్యాస్టర్‌ను, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలే కోణాన్ని, ఈ బళ్లలో టై రాడ్డు తిప్పి మార్చలేం. అది ఇరుసు వాలు, కమాన్ పట్టీల మీద ఆధారపడుతుంది. మేత బస్తాలు, ఐసు పెట్టెలు మోయడానికి కమానుకు అదనపు పట్టీలు వేయించడం చెరువుల దగ్గర మామూలు. వెనక పట్టీలు వేస్తే బండి ముందుకు వాలి క్యాస్టర్ తగ్గుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తిన్నగా రాదు. ముందు వేస్తే డ్రాగ్ లింక్ కోణం మారి, గుంత వచ్చినప్పుడల్లా ఎవరూ తిప్పకుండానే స్టీరింగ్ తిరుగుతుంది. వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు కూడా ఇంతే. చూపుకు బాగుంటాయి, ప్రతి గుంత దెబ్బా రెట్టింపై టై రాడ్ ఎండ్ల మీద పడుతుంది.

బాక్స్ స్క్రూ, పవర్ స్టీరింగ్

ఇవన్నీ అయ్యాకే స్టీరింగ్ బాక్స్. పాత విల్లీస్ బాక్స్‌లో మెలికల కడ్డీ, దాని గాళ్లలో నడిచే లివర్ ఉంటాయి. డ్రాగ్ లింక్ విప్పి, ముందు కడ్డీ నిలువు ఆటను మూత కింది షిమ్ములతో తీసేయాలి. ఆ తర్వాతే పక్క మూత మీది స్క్రూ. స్టీరింగ్ నడిమధ్య దాటేటప్పుడు మాత్రమే చేతికి కాస్త బిగువు తగలాలి, అటూ ఇటూ స్వేచ్ఛగా తిరగాలి. తిన్నగా పోయే రోడ్లే ఎక్కువ కాబట్టి అరిగేది మధ్యభాగమే. బాగా అరిగిన బాక్స్‌లో మధ్య వదులు పోయేదాకా బిగిస్తే కొసల్లో పట్టేస్తుంది. అలా పట్టేసే బాక్స్‌కు స్క్రూ మందు కాదు, లోపలి సామాను మార్చాల్సిందే. సీలు కారుతోందని నూనెకు బదులు గట్టి గ్రీజు నింపడం ఇక్కడ బాగా పాతుకుపోయిన అలవాటు. తిరిగే పళ్లు గ్రీజును పక్కకి నెట్టేస్తాయి, అది తిరిగి వాటి మీదికి రాదు. సీలు మార్చి నూనె పోయడమే దారి.

ఇక పవర్ స్టీరింగ్. బొలెరో, స్కార్పియో నుంచి హైడ్రాలిక్, చిన్న కార్ల నుంచి ఎలక్ట్రిక్ తెచ్చి పాత జీపుకు బిగిస్తున్నారు. పెద్దవాళ్లకు, రోజంతా చెరువుల మధ్య తిరిగేవాళ్లకు ఇది నిజమైన ఉపకారం, తప్పుపట్టను. కానీ కీళ్లు అరిగిన బండికి ముందు పవర్ స్టీరింగ్ పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అది అరుగుదలను చేతికి తెలియనివ్వదు, పైగా పాత ఫ్రేము మీద కొత్త బలం పెడుతుంది. తుప్పు తిన్న ఫ్రేములో బాక్స్ బోల్టుల దగ్గర పగుళ్లు రావడానికి ఇదో కారణం. లింకేజీ అంతా కుదిరి, ఫ్రేము లోపలి నుంచి పలక వేసి బలపరిచాక పెట్టించుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. మార్పు ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగడం మంచిది.

చట్టంలో స్టీరింగ్‌కు సొంత నిబంధనే ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది: స్టీరింగ్ చక్రం దగ్గర వదులు 30 డిగ్రీలు మించకూడదు, బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులుండాలి, బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాకై ఉండాలి. పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్లినప్పుడు చూడాల్సింది ఇదే. 17 అంగుళాల చక్రం మీద 30 డిగ్రీలంటే అంచు దగ్గర దాదాపు 11 సెంటీమీటర్లు, సగం జానెడు. అది చట్టం సహించే ఆఖరి హద్దు. కరకట్ట మీద తిరిగే బండికి అందులో మూడో వంతు కూడా ఎక్కువేనని నేనంటాను.

ఈ పని తెలిసిన తరం తగ్గిపోతోంది. ఇప్పుడు ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో చదివే పిల్లలు ర్యాక్ అండ్ పినియన్ మీద చేయి తిప్పుతున్నారు. అది సహజమే. కానీ గుడివాడ, బందరు మధ్య షెడ్లలో కింగ్ పిన్ షిమ్ములు వేలికొసల లెక్కతో వేయగల పెద్ద మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర ఒక్క వేసవి కూర్చుని, కొలతలన్నీ తెలుగులో రాసి గోడకు అంటించే పని గుడ్లవల్లేరు లాంటి చోట్ల ఇంజనీరింగ్ పిల్లలు తలపెడితే, ఆ కాగితం ఈ ప్రాంతానికి చాలాకాలం పనికొస్తుంది.

పని పూర్తయ్యాక బండిని రెండు మూడు వందల కిలోమీటర్లు మామూలుగా నడిపి తిరిగి షెడ్డుకు తీసుకురావాలి. కొత్త కోసులు అప్పటికి కూర్చుంటాయి, కమాన్ యూ బోల్టులు సర్దుకుంటాయి. నట్లు మరోసారి బిగించి, టో-ఇన్ మళ్లీ కొలిచి, కాటర్ పిన్నులు చూడాలి. ఇక ఉప్పునీళ్లలో దిగిన ప్రతిసారీ, మరుసటి రోజు దాకా ఆగకుండా, మంచినీళ్లతో కడిగి ప్రతి నిపుల్‌కూ గ్రీజు కొట్టాలి. బూటు అంచు నుంచి పాత గ్రీజు పోయి శుభ్రమైన కొత్త గ్రీజు కనిపించేదాకా గన్ను ఆపకూడదు.